క్లబ్ లేని గుర్రాలు: 2007 ఫ్లూ వ్యాప్తిలో ఒక అద్దె మైదానం కథ

ఇది ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని హంటర్ ప్రాంతంలో పశువైద్యుడిగా నేను చూసిన కేసు. మనుషులనూ స్థలాన్నీ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. వ్యాధి లక్షణాలు, చికిత్స గురించి రాసినవి చాలా ఉన్నాయి కాబట్టి వాటిని క్లుప్తంగా దాటేస్తాను. రోగం వచ్చినప్పుడు సరదా కోసం గుర్రం పెంచుకునే మామూలు మనిషి మాట నిర్ణయాలు తీసుకునేచోటికి ఎలా చేరింది, ఎక్కడ ఆగిపోయింది అన్నదే ఇక్కడ విషయం.

నేపథ్యం

2007 ఆగస్టు 24న సిడ్నీలోని సెంటెనియల్ పార్క్‌లాండ్స్ గుర్రాల కేంద్రంలో కొన్ని గుర్రాలకు జ్వరం, పొడి దగ్గు కనిపించాయి. అది ఈక్వైన్ ఇన్‌ఫ్లుయెంజా, అంటే గుర్రాల ఫ్లూ అని తేలింది. ఆ దేశంలో అంతకుముందు ఈ వైరస్ ఎప్పుడూ లేదు. స్థానిక గుర్రాలకు టీకా లేదు, రోగనిరోధకతా లేదు. 25వ తేదీన దేశమంతా గుర్రాల కదలికలు ఆపేశారు. ఏ గుర్రం ఎక్కడుంటే అక్కడే ఉండాలి. దాన్నే అందరూ స్టాండ్‌స్టిల్ అన్నారు.

జపాన్ నుంచి దిగుమతై సిడ్నీ దగ్గర ఈస్టర్న్ క్రీక్ క్వారంటైన్ కేంద్రంలో ఉన్న గుర్రాల ద్వారా వైరస్ వచ్చిందనీ, బహుశా అక్కడినుంచి బయటికొచ్చిన మనిషి మీదో సామాను మీదో అది బయటపడిందనీ తర్వాత విచారణ జరిపిన అత్యున్నత న్యాయస్థానం మాజీ న్యాయమూర్తి ఇయాన్ కాలినన్ తేల్చారు. అయితే ఈ కేసుకు ఇంకో సంగతి ముఖ్యం. రోగం బయటపడక ముందే, ఆగస్టు మూడోవారంలో మెయిట్‌లాండ్ దగ్గర ఒక స్వారీ పోటీ జరిగింది. అక్కడికి వచ్చినవి ఎక్కువగా ఇంట్లో పెంచుకునే గుర్రాలే. పోటీ అయ్యాక ట్రైలర్లలో ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోయారు. వైరస్ కూడా వాళ్ళతోపాటే ఊరూరికీ చేరింది. మెయిట్‌లాండ్ ఉన్నది మా హంటర్ ప్రాంతంలోనే.

ఇదే హంటర్ లోయ ఆస్ట్రేలియాలో థరోబ్రెడ్ రేసు గుర్రాల పెంపకానికి పెద్ద కేంద్రం. అక్కడ బ్రీడింగ్ సీజన్ సెప్టెంబరు 1న మొదలవుతుంది. థరోబ్రెడ్‌లలో కృత్రిమ గర్భధారణకు అనుమతి లేదు. ఆడగుర్రాన్ని లారీ ఎక్కించి మగగుర్రం దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే. కదలికలు ఆగితే ఏడాది సంతానమంతా పోయినట్టే. కాబట్టి ఒకే రోడ్డుకు ఒకవైపు కోట్ల విలువైన స్టడ్ ఫారాలు, అంటే గుర్రాల పెంపక కేంద్రాలు, రెండోవైపు పిల్లలు ఎక్కే పోనీలు, అంటే పొట్టి గుర్రాలు. కష్టం ఇద్దరికీ ఉంది, కానీ మాట్లాడే మనిషి ఒకవైపే ఉన్నాడు.

నా దగ్గరికి వచ్చిన సమస్య

అజిస్ట్‌మెంట్ అంటారు అక్కడ. సొంత భూమి లేనివాళ్ళు వారానికింత అని అద్దె కట్టి తమ గుర్రాన్ని వేరేవాళ్ళ మైదానంలో ఉంచుకుంటారు. ఈ కేసులోని మైదానంలో పదిహేను దాకా గుర్రాలు, తొమ్మిది కుటుంబాలు. నర్సులు, గని కార్మికులు, ఒక రిటైర్డ్ టీచరు, ఒక తెలుగు కుటుంబం. అక్కడున్న ఒక పోనీ గుర్రం ఆ తెలుగు దంపతుల కూతురిది. ఈ తొమ్మిది కుటుంబాల్లో ఒక్కటి కూడా ఏ పోనీ క్లబ్‌లోనూ, ఏ ఈక్వెస్ట్రియన్ సంఘంలోనూ సభ్యులు కారు. శనివారం వచ్చి, గుర్రం తోమి, నది ఒడ్డున ఓ గంట తిరిగి వెళ్ళిపోయే మనుషులు వాళ్ళు.

సెప్టెంబరు మధ్య నాటికి వాళ్ళకు మూడు ఇబ్బందులు. అప్పటికి ఏళ్ళుగా సాగుతున్న కరువు వల్ల గడ్డి ధర మండిపోతోంది, పైగా మోపులు తెచ్చే లారీ లోపలికి రావచ్చో లేదో ఎవరూ చెప్పడంలేదు. రెండోది, ఒక ఆడగుర్రం నిండు చూడితో ఉంది. ఫ్లూ వల్ల పెద్ద గుర్రాలు చావడం అరుదు కానీ, అప్పుడే పుట్టిన పిల్లలకు న్యుమోనియా ముదిరితే దక్కవు. మూడోది అసలు కోపానికి కారణం. ఆ రోజుల్లోనే అధికారులు మా ప్రాంతాన్ని పర్పుల్ జోన్‌గా ప్రకటించారు. రోగం అప్పటికే బాగా పాకిన చోట, జోన్ లోపల పర్మిట్‌తో గుర్రాలను కదిలించుకోవచ్చని దాని అర్థం. ఆచరణలో ఆ పర్మిట్ల అవసరం ఎక్కువగా ఉన్నది బ్రీడింగ్ వాళ్ళకు. వీళ్ళ గుర్రాలకు ఇంకా రోగం రాలేదు. వీళ్ళ కంచె పక్కనుంచే స్టడ్ లారీలు వెళ్తున్నాయి.

వాళ్ళు నన్ను పిలిచింది వైద్యానికి కాదు. "ఈ జోన్ గీసేటప్పుడు మా తరఫున ఎవరున్నారు?" అని అడగడానికి. గేటు బయట, దూరందూరంగా నిలబడి మాట్లాడుకున్నాం. తెలుగాయన మాత్రం పక్కకొచ్చి తెలుగులో అడిగాడు. "డాక్టర్ గారూ, మనకు ఇది అంత పెద్ద విషయమా? గుర్రమే కదా అంటున్నారు మా ఇంట్లో పెద్దవాళ్ళు. పిల్ల మాత్రం అన్నం తినడం లేదండీ." ఆయన టెన్షన్ నిజమైనదే. ఆ వ్యాప్తి సమయంలో 2,760 మంది గుర్రాల యజమానులతో జరిగిన ఒక ఆన్‌లైన్ సర్వేలో 34 శాతం మంది తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టు తేలింది. మామూలు జనాభాలో అది 12 శాతం చుట్టూ ఉంటుంది.

మొదట చేసినవి, పనిచేయనివి

వాళ్ళు మొదట రాసింది ఫిర్యాదు లేఖ. అన్యాయం జరిగితే ఎవరైనా చేసే పనే అది. రేసింగ్ వాళ్ళకు ఒక నీతి, మాకు ఒక నీతా అన్నది దాని సారం. నేనూ వద్దనలేదు. కోపం కాగితం మీద పెడితే కొంత తేలికవుతుంది, పైగా రికార్డులో ఉంటుంది. కొన్నాళ్ళకు జవాబొచ్చింది. మీ ఆందోళన అర్థమైంది, జోన్‌ల గురించిన సమాచారం ఫలానా చోట ఉంది అని. అంతకుమించి ఏం రాస్తారు? ఆ లేఖలో నిర్ణయం మార్చుకోవడానికి అవసరమైన కొత్త సంగతి ఒక్కటీ లేదు.

తర్వాత హాట్‌లైన్‌కు ఫోన్లు చేశారు. ఎత్తినవాళ్ళు మర్యాదగానే మాట్లాడారు కానీ, వాళ్ళ ముందున్నది ప్రశ్నలూ జవాబులూ రాసిన కాగితం. అద్దె మైదానంలో తొమ్మిది మంది యజమానులు వేర్వేరుగా రావాల్సి వస్తే ఏం చేయాలన్న ప్రశ్న ఆ కాగితంలో లేదు. తొమ్మిది మందికి మూడు రకాల జవాబులొచ్చాయి. మైదానంలో వాళ్ళలో వాళ్ళకే గొడవ మొదలైంది.

మూడోది, సంఘం ద్వారా వెళ్ళడం. స్వారీ సంఘాలు తమ సభ్యుల సమస్యలు సేకరించి పైకి పంపుతున్నాయి. అందులో తప్పేమీ లేదు. సభ్యులు కానివాళ్ళ సమస్య పంపే బాధ్యత వాళ్ళకు లేదు, తీరిక అంతకన్నా లేదు. వీళ్ళలో ఇద్దరు అప్పటికప్పుడు సభ్యత్వం తీసుకుంటామన్నారు. నాకది సరైన దారి అనిపించలేదు. ఫారం నింపి, డబ్బు కట్టి, కమిటీ కూర్చుని, ఆ మాట రాష్ట్ర స్థాయికి పోయేలోపు వైరస్ కంచె దాటుతుంది. ఈ ఫ్లూకు ఒంట్లో పొదగడానికి ఒకటి నుంచి మూడు రోజులు చాలు.

ఇక్కడ నేను ఆగి ఆలోచించిన విషయం ఒకటుంది. రేసింగ్ వాళ్ళ మాట చెల్లుబాటైంది డబ్బు వల్లేనా? డబ్బు ఒక కారణం, కాదనను. కానీ వాళ్ళ ప్రతి గుర్రానికీ ఒక పేరు, ఒక ముద్ర, స్టడ్ బుక్‌లో, అంటే వంశావళి రిజిస్టరులో, ఒక వరుస ఉన్నాయి. ఏ ఫారంలో ఎన్ని ఉన్నాయో, ఏ తేదీన ఏది కదలాలో గంటలో చెప్పగలరు. రోగ నియంత్రణ చూసే కంట్రోల్ సెంటర్‌లో మ్యాపు ముందు కూర్చున్న అధికారికి అది చేతికందే సమాచారం. మా మైదానం ఆ మ్యాపు మీద లేనేలేదు. అక్కడ గుర్రాలున్నాయని ప్రభుత్వానికి తెలియదు. మెయిట్‌లాండ్ నుంచి రోగాన్ని మోసుకెళ్ళింది ఇలాంటి లెక్కలో లేని గుర్రాలే అని తెలిశాక కూడా, వాటి లెక్క ఎవరి దగ్గరా లేదు.

ఏం మార్చాం

అందుకని న్యాయం అడగడం పక్కన పెట్టి, సమాచారం ఇద్దామన్నాను. రిటైర్డ్ టీచరుకు ఆ పని అప్పగించాం. ఆవిడ చేతిరాత బాగుంటుంది, అందరికీ ఆవిడంటే గురి. ప్రతి గుర్రం వయసు, రంగు, చూడి ఉందా, పాత దగ్గు ఉందా. ఏ యజమాని ఏ రోజు వస్తాడు, అతనికి వేరేచోట గుర్రాలున్నాయా, అతను ఏ పనిలో ఉన్నాడు. రోడ్డుకు ఏ పాడక్ (కంచె వేసిన మేత చోటు) ఎంత దూరం, నీళ్ళ తొట్టి ఎవరితో ఉమ్మడి. ఈ ప్రశ్నలు అడుగుతుంటేనే ఒక సంగతి బయటపడింది. వీళ్ళలో ఒకతను వారంలో కొన్ని రోజులు ఒక స్టడ్‌లో కంచెల పని చేస్తాడు. సాయంత్రం అవే బూట్లతో తన గుర్రానికి దాణా వేయడానికి వస్తున్నాడు. లారీల గురించి అంత బాధపడుతున్నవాళ్ళు దీన్ని పట్టించుకోలేదు. అతన్ని ఆ రోజునుంచి లోపలికి రానివ్వలేదు. అతని గుర్రాన్ని పక్కవాళ్ళు చూశారు.

ఒక పేజీ తయారైంది. పైన మైదానం మ్యాపు, కింద పట్టిక, ఆ కింద మూడు కోరికలు. ఇక్కడి తొమ్మిది కుటుంబాల రాకపోకలు మొత్తం ఎన్ని ఇళ్ళకు, ఎన్ని గుర్రాలకు ముడిపడి ఉన్నాయో అందులో రాశాం. మాకు నష్టం అని రాయలేదు. ఇక్కడ రోగం వస్తే మీ నియంత్రణకు ఇదీ నష్టం అని రాశాం. రోజుకొక్కరే లోపలికి వెళ్ళి అందరి గుర్రాలకూ మేత వేసే పద్ధతికి ఒప్పుకోవాలి, గడ్డి లారీ గేటు దగ్గరే దించి వెళ్ళడానికి అనుమతి ఇవ్వాలి, చూడి గుర్రానికీ ఊపిరితిత్తుల జబ్బున్న ముసలి గుర్రానికీ టీకా ఇవ్వాలి. ఇవీ కోరికలు. కంట్రోల్ సెంటర్‌లో డ్యూటీలో ఉన్న వెటర్నరీ అధికారికి ఆ పేజీ నేనే ఇచ్చాను. ఒక పశువైద్యుడు ఇంకో పశువైద్యుడికి ఇచ్చే కేస్ షీట్ లాగా, సంతకంతో.

మొదటి రెండూ వెంటనే ఒప్పుకున్నారు. అంతేకాదు, మిగతా అద్దె మైదానాలవాళ్ళను కూడా ఇలాగే ఒక జాబితా చేయమని చెప్పమన్నారు. టీకా మాత్రం కుదరదన్నారు. దేశంలో టీకాలు వేయడం సెప్టెంబరు చివర్లో మొదలైంది. కెనరీపాక్స్ వైరస్ ఆధారంగా చేసిన టీకా అది. వేశాక కూడా రక్తపరీక్షలో రోగం వచ్చిన గుర్రాన్ని, టీకా పడిన గుర్రాన్ని వేరుగా గుర్తుపట్టవచ్చు. మొదట రోగం పాకకుండా జోన్‌ల అంచుల్లో వలయంలా వేశారు. రేసింగ్, బ్రీడింగ్ గుర్రాలకూ ప్రాధాన్యం ఇచ్చారు. జోన్ మధ్యలో ఉన్న పోనీకి వరుసలో చోటు లేదు.

నిజం చెప్పాలంటే, ఆ టీకా నిర్ణయంలో సగం నాకు సమంజసంగానే అనిపించింది. వలయం వెనక లెక్క రోగశాస్త్రం లెక్క. అంచు నిలబడకపోతే మిగతావన్నీ దండగ. రేసు గుర్రాల వంతు మాత్రం వ్యాపారం లెక్క. ఆ రెండిటినీ ఒకే మాటలో 'ప్రాధాన్యం' అని చెప్పడం వల్లనే జనానికి ఒళ్ళు మండింది. ఏది ఎందుకో విడదీసి చెప్పి ఉంటే మా మైదానంవాళ్ళు కనీసం మొదటిదాన్ని ఒప్పుకునేవాళ్ళు. నేను గేటు దగ్గర చెప్పినప్పుడు ఒప్పుకున్నారు.

అదే రోజు ఇంకో సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. ఎందుకీ నిర్మూలన గోల, బ్రిటన్‌లోలాగా టీకాలేసుకుని దీంతోనే బతకొచ్చుగా అని ఒకతను అడిగాడు. రేసింగ్ పరిశ్రమ అలా బతకగలదు. చాలా దేశాల్లో బతుకుతోంది కూడా. ప్రతి గుర్రానికీ కొన్ని నెలలకోసారి బూస్టర్ వేయించడం వాళ్ళ ఖర్చుల్లో పెద్దదేమీ కాదు. కొన్ని వందల డాలర్లు పెట్టి కొన్న పోనీకి దాని జీవితమంతా ఏటా టీకా, డాక్టర్ ఫీజు కట్టాల్సినవాడికి అది చిన్న మాట కాదు. రోగం దేశంలో ఉండిపోతే ఎక్కువ కాలం మూల్యం చెల్లించేది వీళ్ళే. అంటే ఈ కదలికల నిషేధం వీళ్ళ నెత్తిన పడ్డ భారమే అయినా, దాని ఫలం కూడా వీళ్ళకే ఎక్కువ. ఈ ముక్క వాళ్ళకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత రోజువారీ మేత డ్యూటీలు ఎవరూ తప్పలేదు.

లారీల విషయం కాగితంలో పెట్టలేదు. దాన్ని అధికారులు మార్చరని తెలుసు. స్టడ్ మేనేజర్‌కు నేనే ఫోన్ చేశాను. లారీలు ఆ మలుపు దగ్గర ఆగకుండా పోయేలా డ్రైవర్లకు చెప్తానన్నాడు. వీళ్ళు రోడ్డు పక్క పాడక్ ఖాళీ చేసి గుర్రాలను వెనక్కి తోలారు.

ఫలితం

అక్టోబరులో రోగం వచ్చేసింది. ఎటునుంచి వచ్చిందో తేల్చలేం. గాలి ద్వారా కూడా కొంత దూరం పోగల వైరస్ అది. కొద్దిరోజుల్లోనే దాదాపు అన్ని గుర్రాలూ దగ్గాయి. చూడి గుర్రానికి జ్వరం వచ్చి తగ్గింది. అది కోలుకున్నాకే ఈనింది, పిల్ల బతికింది. జాగ్రత్తల వల్ల దొరికిన ఆ కొన్ని వారాలే దాన్ని కాపాడాయని నా అభిప్రాయం. నిరూపించలేను. పాత దగ్గున్న ముసలి గుర్రం మాత్రం కోలుకోలేదు. న్యుమోనియా ముదిరాక యజమానురాలితో మాట్లాడి దానికి దయామరణం ఇచ్చాం. దానికి టీకా పడి ఉంటే అన్న ప్రశ్న ఆవిడ నన్ను అడిగింది. ఉపయోగపడి ఉండేదనే చెప్పాను.

జాబితా అసలు ఉపయోగం చివర్లో తెలిసింది. క్వారంటైన్ ఎత్తేయాలంటే మైదానంలోని చివరి గుర్రానికి ఎప్పుడు లక్షణాలు పోయాయో తేలాలి. మా దగ్గర ప్రతి గుర్రానికీ రోజువారీ ఉష్ణోగ్రత రాసి ఉంది. కాగితం చూసి తేదీ లెక్కకట్టారు. అలాంటి రికార్డు లేని మరో అద్దె మైదానంలో కొందరు యజమానుల ఆచూకీయే దొరక్క, గుర్రాలు బాగై తిరుగుతున్నా తాళం తీయలేదు.

డిసెంబరు చివరికి దేశంలో కొత్త కేసులు ఆగాయి. నిర్మూలన సాధ్యమైంది. దాదాపు పది వేల స్థలాలకు పాకిన రోగాన్ని అన్ని నెలల్లో తుడిచిపెట్టడం మామూలు విషయం కాదు. కేంద్ర ప్రభుత్వ సహాయం మాత్రం గుర్రాల మీద ఆదాయం పోయినవాళ్ళకూ, వ్యాపారాలకూ, లాభాపేక్ష లేని స్వారీ సంఘాలకూ వెళ్ళింది. మా తొమ్మిది కుటుంబాలు ఈ మూడింటిలోనూ లేవు. గడ్డి ఖర్చు వాళ్ళే భరించారు.

తర్వాత నేర్చుకున్నది

ప్రాతినిధ్యం అన్నది సమావేశంలో కుర్చీ గురించి అని నేననుకునేవాణ్ణి కాదు కానీ, ఆ కుర్చీ ఎలా వస్తుందో మాత్రం ఈ కేసు తర్వాతే పట్టించుకుని చదివాను. ఆస్ట్రేలియాలో 2002 నుంచి అత్యవసర పశువ్యాధుల ఒప్పందం ఒకటుంది. ప్రభుత్వాలూ పశుపరిశ్రమలూ కలిసి ముందే సంతకం చేస్తాయి. రోగం వస్తే ఖర్చు ఏ పాళ్ళలో పంచుకోవాలో అందులో ఉంటుంది. సంతకం చేసిన పరిశ్రమకు, తన పశువులకు రోగం వచ్చినప్పుడు, నిర్ణయాలు తీసుకునే కమిటీల్లో చోటుంటుంది. గుర్రాల ఫ్లూ నాలుగో కేటగిరీలో ఉంది. అంటే ఖర్చులో 20 శాతం ప్రభుత్వానిది, 80 శాతం పరిశ్రమది. 2007లో గుర్రాల పరిశ్రమ ఇంకా సంతకం చేయలేదు. రేసింగ్‌కు కూడా ఆ ఒప్పందం కింద చోటు లేదు. తనకున్న వేరే దారుల్లో వెళ్ళింది. వేరే దారులు లేనివాళ్ళు గేటు దగ్గర నిలబడ్డారు.

సంతకం చేయాలంటే ఆ 80 శాతం వసూలు చేసే దారి ఉండాలి. 2008లో గుర్రం మొదటి రిజిస్ట్రేషన్ మీద లెవీ, అంటే ప్రత్యేక రుసుము, వేసే బిల్లు వచ్చింది. పోనీ క్లబ్ పిల్లల మీద భారం వేస్తారా అని గొడవైంది. పార్లమెంటు ఎగువ సభ సెనేట్‌లో అది గట్టెక్కలేదు. మా మైదానంవాళ్ళు కూడా ఆ బిల్లుకు వ్యతిరేకంగా సంతకాలు పెట్టారు. నాకు నవ్వొచ్చింది. వాళ్ళ గుర్రాల్లో ఒక్కటీ ఎక్కడా రిజిస్టర్ కాలేదు. ఆ లెవీ వాళ్ళ మీద పడేదే కాదు. మోసేది క్లబ్బులూ బ్రీడర్లూ, లాభం మాత్రం వీళ్ళకూ. అన్యాయం రెండో దిక్కునుంచి కూడా జరగవచ్చని అప్పుడు వాళ్ళకు చెప్పాను. తెలుగాయన ఒక్కడే, "అయితే మేం కట్టే దారేదండీ మరి?" అన్నాడు.

దారి 2011లో దొరికింది. అప్పుడు చట్టమైన లెవీ ఫ్యాక్టరీలో తయారయ్యే గుర్రాల దాణా మీద, నులిపురుగుల మందు మీద. అప్పుడు దాన్ని సున్నా రేటుతో పెట్టారు, రోగం వచ్చి ఖర్చైతేనే పెంచాలని. గుర్రం రేసుదా, పోనీదా, క్లబ్‌లో ఉందా లేదా అన్నదానితో పనిలేదు. నులిపురుగుల మందు అందరూ కొంటారు. ఆ ఏడాదే రేసింగ్ సంస్థలతోపాటు, రేసింగేతర గుర్రాల తరఫున ఆస్ట్రేలియన్ హార్స్ ఇండస్ట్రీ కౌన్సిల్ కూడా ఒప్పందం మీద సంతకం చేసింది. తర్వాత మా రాష్ట్రంలో ఒక్క గుర్రం ఉన్నా ఆ స్థలానికి గుర్తింపు నంబరు తీసుకోవడం తప్పనిసరి చేశారు.

నా ప్రాక్టీసులో మారింది చిన్నది. అద్దె మైదానానికి మొదటిసారి వెళ్ళినప్పుడు, ఏ జబ్బూ లేకపోయినా, ఆ స్థలం నంబరు, గుర్రాల జాబితా, అందరి తరఫున ఫోన్ ఎత్తే ఒక్కరి పేరు అడిగి రాసుకుంటాను. కొందరు విసుక్కుంటారు. క్లబ్‌లో ఉన్నాంగా, అవన్నీ వాళ్ళ దగ్గర ఉంటాయి అంటారు. ఉండొచ్చు. అయినా రాసుకుంటాను.